బాకీ తీరితే చాలదు, చెల్లు పడాలి
రుణ చరిత్రలో నమోదైన ఎగవేతను ప్రశ్నించడం, సరిదిద్దించుకోవడం ఎలా?

పల్లెలో అప్పు తీర్చడానికి వెళ్లిన మనిషి డబ్బు చేతికిచ్చి ఊరకే తిరిగి వచ్చేవాడు కాదు. కొంత కడితే ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించుకునేవాడు. అంతా కడితే నోటునే వెనక్కు తీసుకుని చించివేసేవాడు. చెల్లు పడని బాకీ తీర్చినా తీరనట్టేనని పెద్దలకు తెలుసు. నగరానికి వచ్చాక అప్పు రూపం మారింది. ఒప్పందం ఫోను తెరమీదే ముగుస్తుంది, వాయిదా సొమ్ము ఖాతా నుంచి దానంతట అదే జమ అవుతుంది, చివరి వాయిదా కట్టిన నాడు పిలిచి చెల్లు రాసి ఇచ్చేవారు ఉండరు. ఆ లోటు కొన్నేళ్ల తరువాత, ఇంటి రుణానికో పిల్లల చదువు రుణానికో దరఖాస్తు పెట్టినప్పుడు బయటపడుతుంది. బ్యాంకు అధికారి కంప్యూటరు చూసి ఒకే మాట చెబుతారు: "మీ సిబిల్ బాగాలేదు."

ఆ మాట విన్న కుటుంబాలు సాధారణంగా రెండు దారులలో ఒకటి పడతాయి. కొందరు తమ తలరాత అనుకుని ఊరుకుంటారు. మరికొందరు డబ్బిస్తే మచ్చ చెరిపిస్తానన్న దళారిని నమ్ముతారు. రెండూ నష్టం తెచ్చేవే. నివేదికలో తప్పు ఉంటే దానిని ఉచితంగా సరిదిద్దించుకునే హక్కును చట్టం ఇచ్చింది. ఎగవేత నిజమైతే దానిని ఎవరూ చెరపలేరు; అప్పు తీర్చి, తీరినట్టు రాయించుకోవడం మాత్రమే సాధ్యం. ఈ తేడా తెలిసినవారు దళారికి డబ్బు ఇవ్వరు, హక్కును వదులుకోరు.

పద్దు ఎవరు రాస్తారు?

వాడుకలో సిబిల్ అనే మాట రుణ చరిత్ర అంతటికీ పేరుగా స్థిరపడింది. నిజానికి అది ఒక కంపెనీ పేరు. రుణ సమాచార కంపెనీల నియంత్రణ చట్టం, 2005 కింద రిజర్వు బ్యాంకు అనుమతితో దేశంలో నాలుగు కంపెనీలు పనిచేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, క్రెడిట్ కార్డు సంస్థలు, సూక్ష్మరుణ సంస్థలు తమ రుణగ్రహీతల చెల్లింపుల వివరాలను ఈ కంపెనీలకు పంపుతాయి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 జనవరి 1 నుంచి ఈ సమాచారం కనీసం పక్షానికి ఒకసారి చేరాలి. ఆ వివరాల ఆధారంగా 300 నుంచి 900 వరకు ఉండే మూడంకెల స్కోరు లెక్కిస్తారు.

రుణ సమాచార కంపెనీ అప్పు ఇవ్వదు, వసూలు చేయదు, ఎవరి బాకీనీ తానుగా రాయదు, తానుగా కొట్టివేయదు. పద్దు రాసేది అప్పిచ్చిన సంస్థ. పుస్తకం భద్రపరిచేది రుణ సమాచార కంపెనీ. మార్పు కోరుతూ ఎవరు ఎక్కడ దరఖాస్తు పెట్టినా, అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించిన తరువాతే పుస్తకంలో అక్షరం మారుతుంది. కాబట్టి సిబిల్‌కు మాత్రమే రాసి ఎదురుచూడడం సగం పని. అప్పిచ్చిన సంస్థకు కూడా అదే రోజు రాయడం మిగిలిన సగం.

నివేదికను చదవడం

స్కోరుతో కూడిన పూర్తి నివేదికను నాలుగు కంపెనీలలో ప్రతిదీ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఈ నిబంధన అమలులో ఉంది. కంపెనీ వెబ్‌సైటులో పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు నమోదు చేసి నివేదిక పొందవచ్చు. ఒక కంపెనీ నివేదికలో లేని తప్పు మరొకదానిలో ఉండవచ్చు గనుక నాలుగూ చూడడం మంచిది. సొంత నివేదిక తెప్పించుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

నివేదికలో నాలుగు భాగాలను శ్రద్ధగా చూడాలి. మొదటిది వ్యక్తిగత వివరాలు: పేరు, పుట్టిన తేదీ, పాన్, చిరునామాలు, ఫోను నంబర్లు. రెండవది ఖాతాల జాబితా: అందులో తీసుకోని అప్పు ఉందా, తీరిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉందా అని పరిశీలించాలి. మూడవది వాయిదాల ఆలస్యం: సిబిల్ నివేదికలో 36 నెలల వరకు నెలవారీ గడులు ఉంటాయి. గడిలో మూడు సున్నాలు ఉంటే ఆ నెల వాయిదా సకాలంలో అందినట్టు; 30, 60, 90 వంటి అంకెలు ఉంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. నాలుగవది విచారణల జాబితా: అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఏయే సంస్థలు నివేదిక చూశాయో అందులో ఉంటుంది. ఎన్నడూ వెళ్లని సంస్థ పేరు అక్కడ కనిపిస్తే ఎవరో ఆ పాన్‌తో అప్పుకు ప్రయత్నించారని అనుమానించాలి.

ఖాతా స్థితిని తెలిపే మాటలకు అర్థం తెలియాలి. "క్లోజ్డ్" అంటే పూర్తిగా తీరి మూతపడిన ఖాతా. "సెటిల్డ్" అంటే బాకీలో కొంత తీసుకుని మిగిలినది వదులుకుని సంస్థ ముగించిన ఖాతా. "రైట్ ఆఫ్" అంటే వసూలు కాదని సంస్థ తన లెక్కలలో నష్టంగా రాసుకున్న ఖాతా. రైట్ ఆఫ్ మాఫీ కాదు. బాకీ అలాగే ఉంటుంది. చివరి రెండు మాటలూ చూసిన బ్యాంకు కొత్త అప్పు ఇవ్వడానికి వెనుకాడుతుంది.

ఊరు మారినవారి నివేదికలలో తప్పులు

కొన్ని తప్పులు ఎవరికైనా జరుగుతాయి. కొన్ని రాష్ట్రం మారిన కుటుంబాలను ఎక్కువగా వెంటాడతాయి.

పేరు: తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం పేరుకు ముందు చేరుతుంది. మహారాష్ట్రలో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఒక వరుసలో వస్తాయి. దరఖాస్తులోని మొదటి పేరు, చివరి పేరు గడులను ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా నింపడంతో ఒకే మనిషి ఆధార్‌లో ఒక తీరున, పాన్‌లో మరొక తీరున, బ్యాంకు పుస్తకంలో ఇంకొక తీరున కనిపిస్తాడు. దాని ఫలితంగా ఒకరి చరిత్ర రెండు ముక్కలు కావచ్చు. అదే పేరున్న మరొకరి బాకీ వచ్చి ఇందులో చేరనూ వచ్చు.

పాత ఫోను నంబరు: ఆలస్యమైన వాయిదా వివరాన్ని రుణ సమాచార కంపెనీకి పంపేటప్పుడు అప్పిచ్చిన సంస్థ రుణగ్రహీతకు సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. నగరం మారి నంబరు మార్చినవారికి ఆ హెచ్చరిక చేరదు. కొత్త నంబరును పాత అప్పుల సంస్థలన్నిటికీ తెలియజేయాలి.

విలీనమైన బ్యాంకు: స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, అదే రోజు సిండికేట్ బ్యాంక్ కెనరా బ్యాంకులో విలీనమయ్యాయి. పాత బ్యాంకులో అప్పు తీర్చినవారు ఇప్పుడు ధ్రువపత్రం అడగవలసింది విలీనం చేసుకున్న బ్యాంకునే. సొంత ఊరి శాఖకు వెళ్లలేనివారు ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి నివాస నగరం నుంచే రాయవచ్చు.

వాడడం మానేసిన కార్డు: క్రెడిట్ కార్డును బీరువాలో పెట్టినంత మాత్రాన ఖాతా మూతపడదు. వార్షిక రుసుము పడుతుంది, దానిమీద ఆలస్య రుసుము, వడ్డీ పెరుగుతాయి. కొన్ని వందల రూపాయలతో మొదలైన బాకీ ఎగవేతగా నమోదు కావచ్చు. కార్డు మూసివేయమని రాతపూర్వకంగా కోరి, మూసినట్టు జవాబు తీసుకోవాలి.

హామీ సంతకం: బావమరిది లారీకో స్నేహితుడి దుకాణానికో హామీ ఉన్నవారి నివేదికలోనూ ఆ అప్పు కనిపిస్తుంది. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. ఈ నమోదు తప్పు కాదు. అసలు మనిషి చేత బాకీ కట్టించడమే దానికి మార్గం.

బృంద రుణాలు: వాయిదా సొమ్మును బృంద నాయకురాలి చేతికిచ్చి రసీదు తీసుకోని మహిళలు తరువాత చిక్కుల్లో పడుతున్నారు. సూక్ష్మరుణం తీసుకున్న ప్రతి ఒక్కరికీ సంస్థ రుణ కార్డు ఇవ్వాలి. కట్టిన ప్రతి వాయిదా అందులో నమోదయ్యేలా చూసుకోవాలి. ఈ కార్డే నేటి చెల్లు.

2020 వాయిదాల విరామం: కరోనా కాలంలో 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు వాయిదాలపై విరామం పొందిన ఖాతాలలో ఆ నెలలను ఆలస్యంగా లెక్కించరాదు. అలా లెక్కించి ఉంటే అభ్యంతరం తెలపవచ్చు.

తప్పా, నిజమా?

అభ్యంతరానికి ముందు రుణగ్రహీత నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న ఇది. తీసుకోని అప్పు, తీరినా తీరనట్టు చూపిన అప్పు, సకాలంలో కట్టినా ఆలస్యంగా చూపిన వాయిదా, తప్పు మొత్తం, రెండుసార్లు నమోదైన ఒకే ఖాతా: ఇవి తప్పులు. వీటిని తొలగించమని కోరడం హక్కు.

ఉద్యోగం పోయి ఆరు నెలలు వాయిదాలు కట్టలేకపోవడం బాధాకరమే అయినా, నమోదు మాత్రం నిజం. నిజాన్ని తొలగించమని కోరితే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. మూడేళ్లు గడిస్తే పేరు దానంతట అదే పోతుందని ఒక ప్రచారం ఉంది. సాధారణ రుణ బాకీపై దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చిన మూడేళ్ల గడువును చూసి పుట్టిన అపోహ అది. రుణ చరిత్రకు ఆ గడువు వర్తించదు. నియమావళి ప్రకారం రుణ సమాచార కంపెనీలు సమాచారాన్ని కనీసం 7 సంవత్సరాలు భద్రపరచాలి.

అయితే నిజమైన ఎగవేత విషయంలోనూ చేయదగినది ఉంది. బాకీ మొత్తం కట్టి ఖాతాను "క్లోజ్డ్"గా మార్పించుకోవచ్చు. గతంలో "సెటిల్డ్" అయిన ఖాతా ఉంటే, వదిలివేసిన మొత్తాన్ని ఇప్పుడు కడితే స్థితి మారుస్తారా అని సంస్థను రాతపూర్వకంగా అడగాలి. అంగీకార పత్రం చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి. అప్పును ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్మివేసి ఉంటే చెల్లింపు, ధ్రువపత్రం రెండూ ఆ కంపెనీ వద్దనే జరగాలి. ఖాతా మూతపడినా గతంలో ఆలస్యమైన నెలల గుర్తులు కొంతకాలం నిలుస్తాయి. కానీ తీరిన పాత బాకీకీ, తీరని బాకీకీ మధ్య తేడాను తదుపరి బ్యాంకు తప్పక గమనిస్తుంది.

అభ్యంతరం తెలిపే పద్ధతి

మొదట కాగితాలు సమకూర్చుకోవాలి: రుణ ఖాతా నంబరు, చివరి చెల్లింపు రసీదు, ఆ నెల బ్యాంకు ఖాతా వివరణ, బాకీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్, నివేదికలో తప్పున్న పుట. నో డ్యూస్ సర్టిఫికెట్ లేకపోతే ముందుగా దానికోసమే రాయాలి.

తరువాత రుణ సమాచార కంపెనీ వెబ్‌సైటులో తప్పున్న ఖాతాను ఎంచుకుని అభ్యంతరం నమోదు చేయాలి. దీనికి రుసుము లేదు. వచ్చే ఫిర్యాదు సంఖ్యను, తేదీని రాసి ఉంచుకోవాలి. అదే రోజు అప్పిచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి పత్రం పంపాలి. పత్రం పొడవుగా ఉండనక్కరలేదు. ఈ విధంగా రాస్తే చాలు:

"నా పేరున గల ఈ నంబరు రుణ ఖాతాలోని బాకీ మొత్తం ఫలానా తేదీన చెల్లించబడింది. రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్ జతపరిచాను. ఫలానా కంపెనీ నివేదికలో ఈ ఖాతా ఇంకా బాకీ ఉన్నట్టు నమోదై ఉంది. ఈ సమాచారాన్ని సరిచేసి నాలుగు రుణ సమాచార కంపెనీలకూ పంపవలసిందిగా, తిరస్కరించిన పక్షంలో కారణాన్ని రాతపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను."

చివరి వాక్యాన్ని వదలరాదు. సవరణ కోరిక తిరస్కరిస్తే కారణం తెలపడం సంస్థ బాధ్యత. "మా రికార్డు సరైనదే" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే, ఏ వాయిదా ఏ తేదీన అందలేదో చూపే ఖాతా వివరణ అడగాలి.

ఫిర్యాదు అందిన నాటి నుంచి 30 రోజులలో పరిష్కారం జరగాలి. రుణ సమాచార కంపెనీ నుంచి సమాచారం అందిన 21 రోజులలో అప్పిచ్చిన సంస్థ సవరించిన వివరాన్ని పంపాలి. 30 రోజులు దాటితే ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఆలస్యానికి కారణమైన సంస్థే ఆ మొత్తం భరించాలి. గడువు దాటాక మరో 20 రోజులు పడితే ఫిర్యాదుదారుకు 2,000 రూపాయలు రావాలి. పరిష్కారమైన తరువాత 5 పనిదినాలలో అది బ్యాంకు ఖాతాలో జమ కావాలి. స్కోరు లెక్కించే పద్ధతి నచ్చలేదన్న ఫిర్యాదుకు మాత్రం ఈ పరిహారం వర్తించదు.

30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి రుణ సమాచార కంపెనీలు కూడా ఈ అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ఫిర్యాదును రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్జీ డాట్ ఇన్‌లో నమోదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ సమాధానం లభిస్తుంది. నివాస రాష్ట్ర భాష రానివారికి ఇది ఎంతో ఉపయోగం. మొదటి ఫిర్యాదు పెట్టకుండా నేరుగా అంబుడ్స్‌మన్ వద్దకు వెళితే తిరస్కరిస్తారు. అందువల్లనే ఫిర్యాదు సంఖ్య, తేదీ ముఖ్యం.

జరిగిన నష్టానికి పరిహారం కోరదలచినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే దావా వేయవచ్చు. విజయవాడలో తీసుకున్న అప్పు గురించి బెంగళూరులో ఉంటున్నవారు బెంగళూరులోనే ఫిర్యాదు చేయవచ్చునన్నమాట. న్యాయ సహాయం కావలసిన మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, తక్కువ ఆదాయం గలవారు 15100 నంబరుకు ఫోను చేసి ఉచిత సహాయం కోరవచ్చు.

తీసుకోని అప్పు కనిపిస్తే

ఇతరుల పాన్, ఆధార్ ప్రతులతో అప్పు తీసుకునే మోసాలు జరుగుతున్నాయి. గది అద్దెకు, సిమ్ కార్డుకు, ఉద్యోగానికి ఇచ్చిన ప్రతులు దారితప్పడం వలస జీవితంలో అరుదు కాదు. తీసుకోని అప్పు నివేదికలో కనిపిస్తే వాయిదా ఒక్కటి కూడా కట్టరాదు. కడితే అప్పును ఒప్పుకున్నట్టు వాదించే అవకాశం ఇచ్చినట్టవుతుంది. వెంటనే 1930 నంబరుకు లేదా సమీప పోలీసు ఠాణాకు ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు జతపరిచి అప్పిచ్చిన సంస్థకు రాస్తూ, దరఖాస్తు మీది సంతకం, ఫొటో, సొమ్ము జమ అయిన ఖాతా వివరాలు చూపమని అడగాలి. ఇకపై ప్రతులు ఇచ్చేటప్పుడు ఏ పనికి ఇస్తున్నదీ, ఏ తేదీన ఇస్తున్నదీ వాటిమీదే రాసి సంతకం చేయడం మంచి అలవాటు.

దళారి మాట

"పదిహేను రోజుల్లో సిబిల్ శుభ్రం చేయిస్తాం" అనే ప్రకటనలు నగరాలలో కనిపిస్తాయి. రుణ సమాచార కంపెనీ పుస్తకంలో చేయి పెట్టే అధికారం ఏ దళారికీ లేదు. అతడు చేయగలిగినది ఉచితంగా దొరికే అభ్యంతర పత్రం నింపడమే. పైగా పాన్, ఆధార్, ఫోనుకు వచ్చే ఓటీపీ అతడి చేతికి వెళితే కొత్త మోసానికి తలుపు తెరిచినట్టే.

పాత బాకీ నిజమైనవారికి మిగిలిన మార్గం నిదానమైనది: నడుస్తున్న వాయిదాలను గడువులోగా కట్టడం, కార్డు పరిమితి మొత్తాన్ని వాడకపోవడం, ఒకేసారి అనేక చోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టకపోవడం. నెల నెలా చేరే సున్నాల గడులు పాత అంకెలను మెల్లగా వెనక్కు నెడతాయి.

ప్రతి ఇంటిలోనూ ఒక కవరు ఉండడం మంచిది. అందులో ప్రతి అప్పు ఒప్పందం, చివరి రసీదు, నో డ్యూస్ సర్టిఫికెట్ దాచాలి. అప్పు తీరిన రెండు నెలలకు నివేదిక తెప్పించి ఖాతా మూతపడిందో లేదో చూసి, ఆ పుటను కూడా కవరులో చేర్చాలి. అప్పుడే చెల్లు పడినట్టు.